ఓస్లో అడవిలో స్కీ మీద ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓస్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. జనవరి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. ఆదివారం పొద్దున మెట్రో ఎక్కితే పెట్టె నిండా స్కీలే. డెబ్బై దాటిన పెద్దాయన, పక్కన ఆరేళ్ళ మనవరాలు, ఇద్దరి చేతుల్లోనూ పొడుగాటి కర్రలు. "వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారండీ? మనమూ పోవచ్చా?" అని మధ్యాహ్నానికి నాకు ఫోన్ వస్తుంది. ఎనిమిది చలికాలాలుగా నేను చెబుతూ వస్తున్న జవాబులే ఇవి. అన్నీ ఊరికి ఉత్తరాన ఉన్న నూర్‌మార్కా అడవి గురించే.

క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటే సినిమాల్లో కొండ మీంచి దూసుకొచ్చేదేనా?

కాదు. అది ఆల్పైన్ స్కీయింగ్. అందులో లిఫ్టులో పైకెక్కి జారతారు, బూటు మడమతో సహా స్కీకి బిగిసి ఉంటుంది. క్రాస్ కంట్రీలో వేళ్ళ దగ్గర మాత్రమే బిగుస్తుంది, మడమ పైకి లేస్తుంది. స్కీ సన్నం, తేలిక. ఎక్కడం, దిగడం, చదునున సాగడం అన్నీ మన కాళ్ళతోనే.

ఇక్కడివాళ్ళు దీన్ని "గో పో షీ" అంటారు. "గో" అంటే నడవడం. అంటే వీళ్ళు స్కీ మీద జారరు, నడుస్తారు. "షీ" అనే మాటకు పాత నార్స్ భాషలో చీల్చిన చెక్క అని అర్థం. కాళ్ళకు రెండు చెక్కలు కట్టుకుని మంచులో దిగబడకుండా పక్క ఊరికి పోవడం నుంచి పుట్టిన పని ఇది. భయపడేవాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఇదే. మీరు ఆట నేర్చుకోబోవడం లేదు, ఇంకో రకంగా నడవడం నేర్చుకోబోతున్నారు.

నాకు నలభై దగ్గర పడ్డాయి. ఇక్కడికొచ్చేదాకా మంచు ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. నాకు వస్తుందా?

వస్తుంది. పిల్లలకు వచ్చినంత వేగంగా మాత్రం రాదు. వాళ్ళు నేలకు దగ్గరగా ఉంటారు, పడితే పోయేదేమీ లేదు. మనకు ఒళ్ళు బరువు, పరువు ఇంకా బరువు.

మొదటి రోజు ఊతకర్రలు పక్కన పెట్టి, చదును నేల మీద ఒక గంట గడపండి. ఒక కాలి మీద బరువంతా వేసి, రెండో కాలిని ఊరికే ముందుకు జారనివ్వండి. తర్వాత కాలు మార్చండి. ఒంటికాలి మీద ఒక్క క్షణం నిలబడగలగడంలోనే విద్య అంతా ఉంది. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి ఈడ్చుకుంటూ పోతే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, ముందుకు పోయింది మాత్రం తక్కువ.

పడబోతున్నారని తెలియగానే ఎదురు తిరగకుండా పక్కకు కూర్చున్నట్టు పడండి. లేవడానికీ ఒక పద్ధతి ఉంది. రెండు స్కీలనూ ఒకదాని పక్కన ఒకటి తెచ్చుకుని, వాలు ఉంటే దానికి అడ్డంగా పెట్టి, మోకాళ్ళ మీదికి రావాలి. అక్కణ్ణుంచి ఒక్కో కాలు లేపాలి. ఇది తెలియక మొదటి రోజు నేను వీపు మీద పడ్డ తాబేలులా ఐదు నిమిషాలు కొట్టుకున్నాను. దారిన పోయే ఒక అబ్బాయి ఆగి నేర్పాడు. వాడికి ఎనిమిదేళ్ళుంటాయేమో.

"గాడి తీసిన దారి" అంటారు, దాంట్లో ఏముంది?

కొత్తవాడికి రోజు హాయిగా గడిచేది ఆ గాడి వల్లే. తాజా మంచు మెత్తగా ఉంటుంది, స్కీ దిగబడుతుంది, పక్కలకు జారిపోతుంది. అందుకని ట్రాక్టరంత యంత్రం ఒకటి అడవిదారుల వెంట తిరుగుతూ మంచును చితక్కొట్టి, నొక్కి, పైన దువ్వెనతో దువ్వినట్టు సన్న చారలు తీస్తుంది. అంచుల్లో రెండేసి గాడులు దింపుతుంది. నొక్కిన మంచు రేణువులు కొన్ని గంటల్లో ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. రాత్రి తీసిన దారి పొద్దునకు బాగుండేది అందుకే. గాడిలో స్కీలు పెట్టాక అవి ఎటు పోవాలో వాటికే తెలుస్తుంది, మీరు తొయ్యడమే. మనం గాడిలో పడటం అంటామే, ఇక్కడ అది అక్షరాలా నిజం. దారి మధ్యలో గాడి లేని వెడల్పు భాగం స్కేటింగ్ పద్ధతిలో పోయేవాళ్ళది. కాళ్ళు వి ఆకారంలో పెట్టి తోస్తూ, మన పక్కనుంచి రయ్యిమని పోతుంటారు. వాళ్ళను చూసి కంగారు పడొద్దు.

ఓస్లో చుట్టూ ఈ దారులను ఎక్కువగా చూసుకునేది షీఫొరెనింగెన్ అనే సంఘం. 1883లో పుట్టింది. సభ్యత్వం తీసుకోవడం మీ ఇష్టం, తీసుకుంటే ఆ డబ్బు యంత్రాలకు పోతుంది. నేను రెండో ఏడాదే తీసుకున్నాను, తెల్లారుజామున ఎవరో నిద్ర మానుకుని తీసిన గాడిలో ఊరికే పోవడానికి మనసొప్పలేదు. ఏ దారిని ఎన్ని గంటల క్రితం తీశారో షీస్పోరె వెబ్‌సైటులో రంగుల్లో కనిపిస్తుంది. బయల్దేరే ముందు అది చూడకపోతే రెండు రోజులనాటి గట్టి ఐసు మీద పడతారు.

టికెట్ ఎంత?

అడవికి టికెట్ లేదు. 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద అందరికీ నడిచే హక్కుంది, ఓస్లో చుట్టూ ఉన్న అడవిని కాపాడటానికి 2009లో ప్రత్యేక చట్టమూ వచ్చింది. స్కీలు కాక మీకయ్యే ఖర్చు మెట్రో టికెట్టు, దారిలో తినే వాఫుల్ అనే గళ్ళ అట్టు, అంతే.

ఏ నెలలో వెళ్ళాలి?

డిసెంబరు నుంచి మార్చి దాకా, మంచు దయ ఉంటే ఏప్రిల్ మొదట్లో కూడా. డిసెంబరులో మూడుంపావుకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి పగటి షికారు హడావుడిగా ఉంటుంది. ఫిబ్రవరి రెండో సగం, మార్చి బంగారం. వెలుగు ఉంటుంది, చలి తగ్గుతుంది, కింద మంచు ఇంకా మందంగానే ఉంటుంది. ఊళ్ళో వాన పడుతోందని మానేయకండి. అదే రోజు పైన అడవిలో మంచు పడుతుండొచ్చు.

పొద్దుగూకాక వెళ్ళాలంటే దీపాల దారులున్నాయి, లీస్‌లోయ్‌పె అంటారు. ఆఫీసు అయ్యాక బ్యాగులో ల్యాప్‌టాప్‌తో సహా వచ్చేవాళ్ళు కనిపిస్తారు.

మొదటి పూర్తి రోజుకు ఏ దారి మంచిది?

ఒకటి రెండు సార్లు చదునున నేర్చుకున్నాక ఈ దారి పట్టండి. ఫ్రోగ్నర్‌సేతరెన్‌లో దిగి, త్రీవాన్‌స్తూవా అనే విడిది మీదుగా ఉల్లెవోల్‌సేతర్, అక్కణ్ణుంచి కిందికి సోగ్న్స్‌వాన్. పది కిలోమీటర్లు దాటుతుంది. నడిమధ్య తిండి, రెండు చివరలా మెట్రో.

మెట్రో లైన్ 1 చివరి స్టేషనే ఫ్రోగ్నర్‌సేతరెన్. ఈ మార్గం 1898లో హోల్మెన్‌కొల్లెన్ దాకా మొదలైంది, 1916లో పైదాకా పొడిగించారు. అప్పటినుంచీ ఊళ్ళో జనం స్కీలు పట్టుకుని రైల్లో అడవికి పోతూనే ఉన్నారు. ఎక్కేటప్పుడు రెండు స్కీలనూ అడుగుభాగాలు కలిపి పట్టీతో కట్టి, నిలువుగా పట్టుకోండి. భుజం మీద అడ్డంగా వేసుకుని వెనక్కి తిరిగితే ఎవరి పళ్ళో రాలతాయి. దారిలో హోల్మెన్‌కొల్లెన్ స్కీ జంప్ గోపురం కనిపిస్తుంది. 1952 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ జంప్ పోటీ ఇక్కడే జరిగింది.

ఫ్రోగ్నర్‌సేతరెన్ 400 మీటర్ల ఎత్తుకు పైన, సోగ్న్స్‌వాన్ 200 మీటర్ల లోపు. అంటే మొత్తం మీద దిగుడే. అలాగని ఎక్కుళ్ళు లేవనుకోకండి. ఉల్లెవోల్‌సేతర్ ఒకప్పటి అడవి పొలం, ఇప్పుడు విడిది. గోడకు ఆనించిన వందల స్కీలు చూసి మీవి ఏవో గుర్తుపట్టడం కష్టం. నావాటికి ఎర్ర రిబ్బను కట్టాను. అక్కణ్ణుంచి సోగ్న్స్‌వాన్‌కు వెడల్పైన దారి, ఆసాంతం జారుడు. చివర చెరువు, దాని పక్కనే లైన్ 5 స్టేషన్. తిరుగుదారి వెతుక్కునే పని లేదు.

అడవిలో చెట్లకు, కర్రలకు ఎర్ర రంగు గుర్తులుంటే అది స్కీ దారి. నీలం గుర్తులు వేసవి నడకదారివి. నీలం పట్టుకుని పోతే రాళ్ళలో తేలతారు.

స్కీలు కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

మొదటి రెండు మూడు సార్లు అద్దెకే. పిల్లలకైతే బూఆ అనే పథకం కింద ఉచితంగా ఎరువిస్తారు. తర్వాత ఫిన్ వెబ్‌సైటులో పాతవి చూడండి. ఇక్కడి పిల్లలు ఏటా పొడుగవుతారు, కాబట్టి ఒక చలికాలం వాడినవి గుట్టలుగా అమ్మకానికొస్తాయి.

పాతవి కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. బూటు అడుగు, స్కీ మీది బిగింపు ఒకే పద్ధతివి కావాలి. నేను స్కీలు ఒకరి దగ్గర, బూట్లు ఇంకొకరి దగ్గర చవకగా కొని, ఎంత ఆదా చేశానో అని మురిసిపోయి, ఆదివారం పొద్దున మంచులో మోకాళ్ళ మీద కూర్చుని అరగంట కుస్తీ పట్టాను. బిగింపు ఎన్ఎన్ఎన్ రకం, బూటు ఎస్ఎన్ఎస్ రకం. అవి ఈ జన్మలో కలవవు. రాత్తెఫెల్ల అనే పేరు మీకు బిగింపుల మీద తరచుగా కనిపిస్తుంది, అర్థం ఎలుకలబోను. ఆ రోజు బోనులో పడ్డ ఎలుకను నేనే.

స్కీ పొడవు మీ ఎత్తు కంటే పది ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ. కానీ అసలు చూడాల్సింది బరువు. స్కీ విల్లులా మధ్యలో పైకి వంగి ఉంటుంది. ఒంటికాలి మీద బరువంతా వేస్తే ఆ మధ్యభాగం మంచును తాకి పట్టు ఇవ్వాలి, రెండు కాళ్ళ మీద నిలబడితే తాకకుండా జారాలి. బరువుకు మించి గట్టి విల్లు తీసుకుంటే ఎక్కేటప్పుడు ప్రతి అడుగూ వెనక్కి జారుతుంది. దుకాణంలో బరువు అడిగితే మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పకండి. ఊతకర్ర భుజం ఎత్తు దాకా చాలు.

ఆ రంగురంగుల మైనం డబ్బాలు ఏమిటి? తప్పదా?

తప్పించుకోవచ్చు. స్కీ మధ్యభాగంలో మోహెయిర్ (ఒక రకం మేక బొచ్చు) పట్టీ అతికించిన స్కీ, ఫెల్లెషీ అంటారు, అది తీసుకోండి. దాని వెంట్రుకలు ఒకవైపుకే పడుకుని ఉంటాయి, ముందుకు జారతాయి, వెనక్కి పట్టుకుంటాయి. కొత్తవాళ్ళకు నా ఓటు దీనికే.

కానీ మైనం సంగతి తెలుసుకుంటే నార్వేవాళ్ళు సగం అర్థమవుతారు. మంచు రేణువులకు మొనలుంటాయి. కాలు తొక్కినప్పుడు ఆ మొనలు మైనంలో గుచ్చుకుని పట్టు ఇస్తాయి, కాలు సాగినప్పుడు వదిలేయాలి. బాగా చలిగా ఉంటే మొనలు వాడి, కాబట్టి గట్టి మైనం చాలు. సున్నాకు దగ్గరైతే మొనలు కరిగి మొద్దుబారతాయి, కాబట్టి మెత్తని మైనం కావాలి. అందుకే రంగులు. ఆకుపచ్చ గడ్డకట్టే చలికి, నీలం మామూలు చలికి, ఊదా, ఎరుపు సున్నా చుట్టూ. స్విక్స్ అనే కంపెనీ 1946 నుంచి ఈ డబ్బాలు అమ్ముతోంది. ఒక్కటే కొనాలంటే వాళ్ళ బ్లో ఎక్స్‌ట్రా కొనండి, మైనస్ 1 నుంచి మైనస్ 7 దాకా పనికొస్తుంది. పల్చగా రాసి, బెండుముక్కతో రుద్ది, మళ్ళీ రాయాలి. ఒకేసారి మందంగా పూస్తే ఊడిపోతుంది.

మరీ మెత్తనిది రాసుకుంటే మంచు అడుగున ముద్దలు కట్టి ఎత్తు చెప్పులేసుకున్నట్టు అవుతుంది. మరీ గట్టిదైతే ఎక్కుడులో కాళ్ళు వెనక్కి పోతాయి. మా ఆయన ఈ విషయంలో శాస్త్రవేత్త. బయట ఉష్ణమాపకం చూసి, మంచు పిడికిట్లో పిసికి చూసి, చారులో ఉప్పు తేల్చుకున్నంత సేపు తేల్చుకుంటారు. ఈలోపు ఫెల్లెషీ వాళ్ళు మొదటి వాఫుల్ తినేసి ఉంటారు.

కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఐసుకు క్లిస్తర్ అని ఒక జిగురుంది. పనసకాయ కోసినవాళ్ళకు వేరే వివరించక్కర్లేదు. చేతులకు, బ్యాగుకు, మెట్రో సీటుకు, అన్నిటికీ అంటుతుంది. నూనె రాసుకుంటే పోయే పనసపాలే నయం.

ఏం వేసుకోవాలి? నా దగ్గర మోకాళ్ళ దాకా వచ్చే పెద్ద జాకెట్ ఉంది.

దాన్ని ఇంట్లో వదిలేయండి. స్కీ మీద ఒళ్ళంతా పనిచేస్తుంది, పావుగంటలో చెమట పడుతుంది. చెమట బట్టల్లో చిక్కుకుంటే ఆగిన నిమిషానికి వణుకు పుడుతుంది. ఒంటికి ఆనుకుని సన్నని ఉన్ని, పైన పల్చటి గాలి ఆపే జాకెట్, చలి ఎక్కువైతే మధ్యలో ఇంకో ఉన్ని. నూలు బనియన్ వద్దే వద్దు. నీళ్ళు పీల్చుకుని అలాగే తడిగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు కాస్త చలేయాలి, అప్పుడు సరిగ్గా వేసుకున్నట్టు లెక్క.

మంకీ క్యాపు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. కాకపోతే కళ్ళద్దాలు వాడేవాళ్ళకు ఊపిరంతా అద్దాల మీదికే పోతుంది. చెవులు కప్పే పట్టీ, మెడకు ఉన్ని గొట్టం చాలు.

వీపుసంచిలో పొడి ఉన్ని బనియన్, పొడి చేతితొడుగులు, మందపాటి జాకెట్ ఒకటి తిండి వేళకు, కూర్చోవడానికి చిన్న ఫోమ్ ముక్క, తలదీపం. ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టండి. చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.

తినడానికి ఏం తీసుకెళ్ళాలి? శాకాహారులకు అక్కడ ఏమైనా దొరుకుతుందా?

విడిదిలో వాఫుల్, దాల్చినచెక్క బన్ను, వేడి నల్లద్రాక్షలాంటి సుల్‌బార్ రసం దొరుకుతాయి. వాఫుల్‌లో గుడ్డు ఉంటుంది, తిననివాళ్ళు గమనించుకోండి. ఏ విడిది ఏ రోజు తెరుస్తారో ముందే చూసుకోవాలి.

మా ఇంటి నుంచి పోయేది థర్మస్ నిండా మిరియాల చారు. మైనస్ 8లో చెట్టు కింద ఫోమ్ ముక్క మీద కూర్చుని మూతలో పోసుకుని తాగితే, ఇంగువ వాసనకు పక్కవాళ్ళు తిరిగి చూస్తారు. రెండు సార్లు ఇవ్వాల్సొచ్చింది కూడా. పులిహోర మాత్రం తేవద్దు, ఆ చలికి మెతుకులు గులకరాళ్ళవుతాయి. చపాతీలో వెన్న, కారప్పొడి చుట్టి జాకెట్ లోపల పెట్టుకుంటే బాగుంటుంది. సున్నుండలు భేష్. నెయ్యి గడ్డకట్టినా నోటి వేడికి కరుగుతుంది. పల్లీ చిక్కీ వద్దు, నాకు పన్ను విరిగినంత పనైంది.

ఇక్కడి ఆచారం మాత్రం నారింజపండు, క్విక్ లుంష్ చాక్లెట్. 1937 నుంచి వస్తున్న నాలుగు వేళ్ళ వేఫర్ చాక్లెట్ అది. తొక్క మంచులో పారేయకండి, ఏప్రిల్‌లో అక్కడే ఉంటుంది.

ఎక్కుడు, దిగుడు ఎలా?

ఎక్కేటప్పుడు స్కీల ముందు కొసలు దూరంగా, వెనక కొసలు దగ్గరగా పెట్టి, లోపలి అంచుల మీద బరువు వేసి అడుగులేయాలి. వెనక మంచు మీద చేపముల్లు అచ్చు పడుతుంది. దాని పేరూ అదే, ఫిస్కెబైన్.

దిగేటప్పుడు దీనికి తిరగేసి. ముందు కొసలు దగ్గర, మడమలు దూరం, మోకాళ్ళు కాస్త వంచి, లోపలి అంచులు మంచులోకి నొక్కాలి. దీన్ని ప్లోగ్ అంటారు, అంటే నాగలి. మా తాతగారు మడక లోతు పెంచాలంటే మేడి మీద బరువు వేసేవారు, ఇక్కడా అంతే. ఎంత నొక్కితే అంత దున్నుతుంది, అంత వేగం తగ్గుతుంది. అందరూ చేసే తప్పు భయంతో నిటారుగా నిలబడి వెనక్కి వాలడం. అప్పుడు అంచుల మీద బరువే ఉండదు, స్కీలు మిమ్మల్ని వదిలేసి ముందుకు పోతాయి.

గాడిలో ఉండగా నాగలి పట్టలేరు. వాలు మొదలవకముందే కనీసం ఒక కాలు గాడి బయటికి తీయండి. ధైర్యం చాలకపోతే స్కీలు విప్పి దారి అంచున నడిచి దిగండి. సోగ్న్స్‌వాన్ దిగుడులో మొదటి ఏడాది నేను రెండుసార్లు విప్పాను.

ఎవరికీ అడ్డం కాకుండా ఉండాలంటే?

కుడివైపు గాడిలో సాగండి. కిందికి దిగేవాళ్ళకు ఎక్కేవాళ్ళు దారివ్వాలి. వెనకనుంచి "లోయ్‌పె!" అని కేక వినిపిస్తే తిట్టు కాదు, దారి అడుగుతున్నారని. ఆగాలంటే పక్కకు జరిగి ఆగండి. పడ్డచోట గుంట పడితే స్కీతో పూడ్చండి.

అన్నిటికంటే ముఖ్యం, గాడిలో బూట్లతో నడవకూడదు. సంక్రాంతి నాడు కల్లాపి చల్లి ముగ్గేసిన వాకిట్లోంచి ఎవరైనా చెప్పులతో పోతే ఏమనిపిస్తుందో, వీళ్ళకూ అదే అనిపిస్తుంది. నోటితో ఏమీ అనరు, చూపుతో అంటారు.

చంటిపిల్లలున్నారు. ఎలా?

పుల్క్ అని పడవలాంటి చిన్న బండి. పాపను ఉన్నిలో, గొర్రెతోలు సంచిలో చుట్టి కూర్చోబెట్టి, నడుముకు పట్టీ కట్టుకుని లాగుతారు. లోపల పాప కదలదు కాబట్టి మీకు చెమటలు పడుతున్నా తనకు చలేయొచ్చు. మాటిమాటికీ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. నాలుగేళ్ళు దాటితే స్కీలు తొడిగి వదిలేయండి, దూరం కొలవకండి. ప్రతి మలుపు దగ్గర ఒక చాక్లెట్ ముక్క చొప్పున మావాడు మూడు కిలోమీటర్లు పోయాడు.

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్ళను తీసుకెళ్ళొచ్చా?

స్కీ లేకుండా ఫ్రోగ్నర్‌సేతరెన్ దాకా తీసుకెళ్ళండి. స్టేషన్ దగ్గరే పాతకాలపు చెక్క భవనంలో రెస్టారెంట్ ఉంది, ఆపిల్ కేకుకు పేరు. కిటికీలోంచి ఫ్యోర్డ్ దాకా, అంటే ఊరి ముందున్న సముద్రపు పాయ దాకా కనిపిస్తుంది. మా అత్తగారు అక్కడ శాలువా కప్పుకుని రెండు గంటలు కూర్చుని, పోయే వచ్చే వాళ్ళను లెక్కపెట్టి, "ఇంత చలిలో వీళ్ళకేం పనమ్మా" అన్నారు. మర్నాడు మళ్ళీ వెళ్దామన్నది కూడా ఆవిడే.

దెబ్బ తగిలితే?

113కు ఫోన్ చేయండి, అంబులెన్స్ నంబరు. యెల్ప్ 113 యాప్ ముందే వేసుకుంటే మీరున్న చోటు వాళ్ళకు తెలుస్తుంది. ఒంటరిగా వెళ్తే ఏ దారిన పోతున్నారో ఇంట్లో చెప్పండి.

మన దేశంలో ఇది ఉందా?

ఉంది, తక్కువ. గుల్మార్గ్‌లో జరిగే ఖేలో ఇండియా శీతాకాల పోటీల్లో నార్డిక్ స్కీ, అంటే ఈ క్రాస్ కంట్రీ రకం కూడా ఉంటుంది. 2018 ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో జగదీశ్ సింగ్ భారత్ తరఫున 15 కిలోమీటర్ల పోటీలో దిగాడు. అదే ఒలింపిక్స్‌తో నార్వే క్రాస్ కంట్రీ క్రీడాకారిణి మారిత్ బ్యోర్గెన్ మొత్తం ఒలింపిక్ పతకాలు 15 అయ్యాయి. మా ఆఫీసులో ఆ వారం పని సాగలేదు.

మర్నాడు ఎక్కడ నొప్పి పుడుతుంది?

కాళ్ళనుకుంటారు. కాదు, చంకల కింద, జబ్బల వెనక, తొడల లోపలివైపు. మొదటివి ఊతకర్రలు తోసినందుకు, చివరిది నాగలి పట్టినందుకు. వేడినీళ్ళు పోసుకుని పడుకోండి. పడుకునే ముందు స్కీలు తుడిచి, విడివిడిగా బాల్కనీలో నిలబెట్టండి. బూట్ల లోపలి అట్టలు బయటికి లాగి ఆరబెట్టండి, హీటరు మీద మాత్రం పెట్టొద్దు. క్లిస్తర్ వాడి ఉంటే స్కీ అడుగు గోడకు తగలకుండా చూసుకోండి. మా అద్దె ఇంటి గోడ మీద 2019 నాటి మచ్చ ఇంకా ఉంది.